అటువైపు గడియ

“మామయ్యా, మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. ఆ చెక్క తలుపుకి గడియ అటువైపు ఉంది. ఇవాళ పని మొదలయ్యేలోపే ఇటువైపుకి మార్చమనండి.”

కోడలు కాఫీ గిన్నె దించుతూ అంది. టైము ఇంకా ఆరు కాలేదు. యూనిఫాం చీర కట్టుకుని, జడ ముడి వేసుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

“అటువైపంటే ఏ వైపమ్మా?” అన్నాడు మామగారు.

“మీ అబ్బాయి కూలీలుండే వైపు. మా వార్డులోంచి ఎవరైనా బయటపడాలంటే అవతలున్న మహారాజులు దయతలచి తియ్యాలి. దయతలచి అన్న మాట చెప్పకండి. గడియ సంగతి చెప్పండి చాలు.”

“మహారాజులు?”

“అదీ వద్దు.”

మామగారు తల ఊపి ముందుగదివైపు నడిచాడు. ముప్పై మూడేళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా చేసిన మనిషి. ఇంకా అదే నడక, కుడి భుజం కాస్త కిందికి దిగి ఉంటుంది. రిటైరయ్యాక సంచీ దించేశాననుకున్నాడు కానీ ఈ వారం రోజులుగా ఇంట్లోనే కొత్త బీటు పడింది. వంటింటి నుంచి ముందుగదికి, ముందుగది నుంచి వంటింటికి.

గొడవంతా ఒక్క కాగితంతో వచ్చింది. ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమె హెడ్ నర్సు. వెనకాల లేస్తున్న కొత్త బ్లాకుకి ఆమె భర్త సైట్ సూపర్‌వైజరు. వార్డు చివర, పాతవాటి చోట కొత్తగా కడుతున్న వెనకమెట్లకి అడ్డంగా అతను ప్లైవుడ్ గోడ కట్టించాడు. రోగులు తప్పించుకునే దారి మూసుకుపోయిందని ఆమె సూపరింటెండెంటుకి రాసిచ్చింది. గోడలో తలుపుంది కదా అని అతనన్నాడు. తలుపుంటే సరిపోదని ఆమె అంది. “సొంత పెళ్ళామే నా మీద కాగితం పెట్టింది” అని అతను ఒకసారి గట్టిగా అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మామగారు తిరిగొచ్చాడు.

“ఏమన్నారు?”

“ఆఁ... కాఫీ నిలబడి తాగొద్దన్నాడమ్మా. కూర్చుని తాగమన్నాడు.”

ఆమె గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిన్న రాత్రి కూడా ఇలాంటిదే. “నిన్ను వేళకి తినమన్నాడు” అని మామగారు చెప్తే నమ్మలేక రెండోసారి అడిగి చెప్పించుకుంది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె తిన్నదీ తాగిందీ అడిగిన మనిషి కాదు. మాటలు మానేశాక మంచివాడవుతున్నాడా ఏంటి?

“గడియ సంగతో?”

“ఆఁ, ఆఁ,” అన్నాడు మామగారు, పాలగిన్నె మీద మూత సరిచేస్తూ.

ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. కాఫీ కూర్చునే తాగింది.

ముందుగదిలో అతను బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆమె గుమ్మం దాటుతుంటే తల ఎత్తలేదు కానీ, అడ్డంగా ఉన్న హెల్మెట్‌ని కాలితో పక్కకి జరిపాడు. అతని చొక్కా జేబులో ఇస్త్రీ చేసిన చేతిరుమాలు ఒకటి నాలుగు మడతలుగా ఉంది. ఎప్పుడూ చేతిరుమాలు పెట్టుకోని మనిషి. ఎందుకో అడగాలనిపించింది. అడగకుండానే మెట్లు దిగింది.

*

వార్డులో ఇరవై ఆరు మంచాలు. చివర తెల్లరంగు వేసిన ప్లైవుడ్ గోడ. దాని ప్రతి అతుకు మీదా టేపు, టేపు మీద మళ్ళీ టేపు. ఎంత శ్రద్ధగా కట్టించాడో చూస్తేనే తెలుస్తుంది. అదే ఆమెకి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఎందుకంటే ఆ గోడ అడిగింది ఆమే.

మూడు నెలల క్రితం ఇంట్లో అన్నం వడ్డిస్తూ అంది. “మీ సిమెంటు దుమ్ము మా ఆపరేషన్ కేసుల మీద పడుతోంది. ఒక్క రేణువు కూడా రాకూడదు, ఏం చేస్తారో మీ ఇష్టం.” అతను ఆ ఆదివారం ఇంట్లో లేడు. దగ్గరుండి గోడ నిలబెట్టించాడు. అనుమతి కాగితం తెస్తే ఆమె సంతకం పెట్టింది. దుమ్ము గురించి చదివింది, మెట్ల గురించి చదవలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అతనూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకి కొంచెం తేలికగా ఉండేదేమో.

సూపరింటెండెంటు మధ్యేమార్గం చెప్పాడు. ఇవాళ ఎప్పుడో ఒకప్పుడు అగ్నిప్రమాదం జరిగినట్టు గంట మోగుతుంది. ముందుమెట్లు వాడకూడదు. ఆ తలుపులోంచి ఎనిమిది నిమిషాల్లో వార్డు ఖాళీ అయితే గోడ ఉంటుంది, పనీ సాగుతుంది. కాకపోతే కొత్త మెట్లు పూర్తిగా సిద్ధమయ్యేదాకా మిగతా పనంతా ఆపాలి. అంటే అతని కింద ఉన్న నలభై మంది ఇంటికెళ్ళాలి. మొదటిసారి అతన్ని నమ్మి ఇంత పెద్ద సైటు అప్పగించారు. మళ్ళీ అప్పగిస్తారో లేదో.

ఆమెకి రోగులు బయటపడాలి. అతని పని ఆగకూడదు. రెండూ కావాలి. ఆ మాట మామగారి చేత చెప్పించేది కాదు.

ఎనిమిది గంటలకి వెళ్ళి తలుపు తోసి చూసింది. తెరుచుకుంది. అవతల ఇటుకలు మోస్తున్న ఆడవాళ్ళు “దండాలమ్మా” అన్నారు. గడియ ఎటువైపుందో తొంగిచూడబోయేసరికి నాలుగో మంచం నుంచి, “సిస్టరూ, సెలైన్ అయిపోయింది, గాలి ఎక్కుతోంది!” అని కేక. పరుగెత్తింది. చెప్పి పంపాను కదా, మార్చే ఉంటారు అనుకుంది. ఏదైనా రెండుసార్లు చూస్తే గానీ నమ్మని మనిషి ఆ ఒక్కసారికి నమ్మింది. కూర్చుని తాగిన కాఫీ ప్రభావం అనుకోవాలి.

పదకొండో మంచం మీద అత్తగారు. మణికట్టు విరిగి, లోపల కడ్డీ వేసి, పిండికట్టు కట్టారు. రేపు ఇంటికి.

“అమ్మాయ్, ఇవాళ్టి పరీక్షకి నన్ను నడవలేని మనిషి కింద రాసుకున్నావా?”

“రాశానత్తయ్యా. పరుపు మీద నిజం మనిషి ఒక్కరైనా ఉండాలి కదా. డాక్టరుగారు ఒప్పుకున్నారు. మెట్ల దాకా పరుపు మీద, మెట్ల మీద నలుగురు మోస్తారు. చెయ్యి మాత్రం గుండెకి ఆనించుకుని ఉంచాలి.”

“ఉంచుతా. పెళ్ళి పల్లకీ కూడా ఎక్కలేదు నేను. ఇప్పుడు ఎక్కుతున్నా.” అత్తగారు గొంతు తగ్గించింది. “వాడు మాట్లాడాడా?”

“కబుర్లు పంపుతున్నారు.”

“ఎవరితో? మీ మావయ్యతోనా?” అత్తగారు ఒక రకంగా చూసి, “సరిపోయింది” అంది. ఏం సరిపోయిందో చెప్పలేదు. తర్వాత ముక్కు ఎగబీల్చింది. “అది సరేగానీ, ఏదో మాడుతున్న వాసన. పొద్దుట్నుంచీ.”

“పక్కగదిలో ఆయా పాలు పొంగించిందత్తయ్యా.”

“పాల వాసన నాకు తెలీదా? ఇది ఇనుము వాసన.”

“కిటికీ వేస్తాను, పడుకోండి.”

*

ఒంటిగంటా పదికి గంట మోగింది.

ఫైర్ ఆఫీసరు నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకున్న సన్నటి ఆవిడ. చప్పుడు లేకుండా ముందుమెట్ల దగ్గరికి వచ్చి ‘ఇక్కడ మంట’ అని రాసిన ఎర్రబోర్డు నిలబెట్టి, చేతిలో గడియారం పెట్టుకుని నిలుచుంది. సరిగ్గా భోజనాల వేళ ఎంచుకుంది.

హెడ్ నర్సు కేక పెట్టలేదు. చప్పట్లు రెండుసార్లు కొట్టింది. “నడిచేవాళ్ళు ముందు. ఒకరి భుజం ఒకరు పట్టుకోండి. సామాన్లు వద్దు. బాబాయ్, ఆ దుప్పటి వదిలెయ్యండి. తర్వాత చక్రాల కుర్చీలు. ఆఖర్న పరుపులు.”

కదిలించకూడని నలుగురి దగ్గర ఒక నర్సు ఉండిపోయింది. వాళ్ళ బదులు నాలుగు పరుపుల మీద ఇసుక మూటలు పెట్టి, మూటలకి మంచం నంబర్లు కట్టారు. అయిదో పరుపు మీద అత్తగారు, పిండికట్టు గుండెకి ఆనించుకుని, పెళ్ళికూతురిలా కళ్ళు దించుకుని ఉంది.

నడిచేవాళ్ళ వరస ప్లైవుడ్ గోడ దాకా వెళ్ళి ఆగింది.

“తొయ్యి,” అంది హెడ్ నర్సు.

ఆయా తోసింది. భుజంతో తోసింది. “రావట్లేదమ్మా.”

“గట్టిగా.”

“గట్టిగానే అమ్మా. అవతల వేసుంది.”

ఆమె వరసని దాటుకుంటూ వెళ్ళి రెండు చేతులతో నెట్టింది. తలుపు పైన కాస్త వంగింది. నడుం ఎత్తులో మాత్రం రాయిలా ఉంది. గడియ ఉన్నచోట.

నాలుగో మంచం ఆయన బస్సు డ్రైవరు. కుట్లు పట్టుకుని వరసలో మొదట నిలబడ్డాడు. “ముప్పై ఏళ్ళ సర్వీసులో, ఎమర్జెన్సీ తలుపుకి బయట గొళ్ళెం పెట్టిన బస్సు నేను చూళ్ళేదు సిస్టరూ,” అన్నాడు.

ఎవరో నవ్వారు. ఎవరో దగ్గారు. వెనక చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన, “నిజంగా మంటేనా ఏంటమ్మా?” అని అడిగాడు. ఆ గొంతులో నవ్వు లేదు.

ఆమె అరచేత్తో చెక్కని బాదింది. “ఎవరున్నారక్కడ? తలుపు తియ్యండి!”

అవతల నిశ్శబ్దం. అందరూ అన్నాలకి దిగిపోయారు.

నిమిషం గడిచింది. ఫైర్ ఆఫీసరు దూరం నుంచి చూస్తోంది. సాయం చెయ్యడం ఆవిడ పని కాదు.

ఆమె గోడకీ తలుపుకీ మధ్య ఉన్న సన్నటి సందుకి నోరు ఆనించి, వారం రోజులుగా లోపల అణిచిపెట్టుకున్న పిలుపుని ఒక్కసారిగా వదిలింది.

“ఏమండీ!”

కింద మెట్ల మలుపులో టిఫిన్ గిన్నె మూత గచ్చు మీద పడిన చప్పుడైంది. ఆ తర్వాత బూట్లు, రెండేసి మెట్లు.

గడియ జారింది. తలుపు తెరుచుకుంది. అతను రొప్పుతూ నిలబడ్డాడు. కుడిచేతికి అన్నం మెతుకులు, మెడలో ఇస్త్రీ చేతిరుమాలు ముఖానికి కట్టుకోవడానికి వీలుగా ముడివేసి ఉంది.

“వేసుందా?” అన్నాడు.

“ఇటువైపు మార్చమని పొద్దున్నే చెప్పి పంపాను కదా!”

“ఎవరితో? నాకెవరూ చెప్పలేదు!”

“మీ...” అని ఆగిపోయింది. ఇద్దరికీ ఒకే ముఖం గుర్తొచ్చినట్టుంది. “ముందు పక్కకి జరగండి. కాదు, జరగకండి. ఆ మలుపు దగ్గర నిలబడండి. అక్కడ రెయిలింగు లేదు.”

అతను నిలబడ్డాడు. ఇంకా పూత వెయ్యని సిమెంటు మెట్లు, చేతికి ఆసరాగా కట్టిన తాడు. దిగే ప్రతి మనిషి మోచేతినీ ఎడంచేత్తో పట్టుకుని మలుపు దాటించాడు. కూలీలు అన్నం వదిలేసి మెట్ల పొడుగునా గోడకి ఆనుకుని నిలబడ్డారు. చక్రాల కుర్చీలని ఎత్తి అందుకున్నారు. ఇసుక మూటల బరువు వాళ్ళకి ఒక లెక్క కాలేదు. “మా మూటలే మాకు తెచ్చారా అమ్మా” అని ఒకామె అంది.

ఆఖర్న అత్తగారి పరుపు వచ్చింది. మలుపులో కొడుకు ముఖం తలకిందులుగా కనబడగానే ఆవిడ, “ఏరా, సగంలో లేచావా? ఇంకో ముద్ద తినాల్సింది,” అంది.

“అమ్మా, నువ్వు నడవలేని మనిషివి. మాట్లాడకు.”

“కాళ్ళు నడవకపోతే నోరెందుకు ఆగాలిరా?”

*

కింద వేపచెట్టు నీడలో ఆమె ఒక్కొక్కరి తల తాకి లెక్కపెట్టింది. రిజిస్టరులో టిక్కు పెట్టింది. ఇరవై ఆరూ సరిపోయాయి, ఇసుక మూటలతో కలిపి.

ఫైర్ ఆఫీసరు గడియారం చూపించింది. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

“తలుపు దగ్గర రెండు నిమిషాలు పోయాయి,” అంది ఆవిడ. “అది లేకపోతే సరిపోయేవారు. కానీ అది ఉంది. గడియ అటువైపు పెట్టింది ఎవరు?”

“నేనే,” అన్నాడు అతను. “మేం సైట్‌లో లేనప్పుడు రోగుల తాలూకు మనుషులు లోపలికి వచ్చేస్తున్నారు. ఒకాయన కాల్లో మేకు దిగింది. అందుకని భోజనానికి వెళ్ళేటప్పుడు వేస్తున్నాం.”

“వార్డు వాళ్ళకి తెలీదా?”

“తెలుసు,” అంది ఆమె. అతను తల తిప్పి చూశాడు. “నిన్న మధ్యాహ్నం చూశాను. చూసి, కాగితం మీద రాయలేదు. నోటిమాట పంపి ఊరుకున్నాను. పేషెంటు మందు సంగతైతే అలా చేసేదాన్ని కాదు. ఇంకోటి. ఆ గోడ కావాలని అడిగింది కూడా నేనే. అనుమతి మీద నా సంతకమే ఉంది.”

అతను చేతికి అంటుకుని ఎండిపోయిన మెతుకుల్ని ఒక్కొక్కటే గీకుతూ నిలబడ్డాడు.

“ఎవరితో పంపారు ఆ నోటిమాట?” అంది ఫైర్ ఆఫీసరు.

సరిగ్గా అప్పుడే గేటులోంచి మామగారు వస్తున్నాడు. చేతిలో అత్తగారి క్యారేజీ. కుడి భుజం కిందికి దిగి ఉంది. వార్డు వార్డంతా చెట్టు కింద కూర్చుని ఉండటం చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

“ఇంట్లో మనిషితో,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఫైర్ ఆఫీసరు క్యారేజీని చూసింది, వీళ్ళిద్దరినీ చూసింది. “మీ ఇంటి సంగతి నాకొద్దు,” అంది. “ఇవాళ సాయంత్రంలోపు గడియ తీసేసి నెడితే తెరుచుకునే పట్టీ బిగించండి. తలుపు తెరిస్తే మీ సైట్‌లో గంట మోగాలి. అప్పుడు ఎవరూ మేకు తొక్కరు. మళ్ళీ చేయిస్తాను. ఎప్పుడో చెప్పను. అది కూడా తప్పితే పని ఆపమని రాస్తాను.”

ఆవిడ వెళ్ళాక బస్సు డ్రైవరు కుట్లు పట్టుకుని లేచాడు. “రైట్, రైట్! అందరూ ఎక్కండి, బండి వెనక్కి పోతోంది,” అని కేకేశాడు. నవ్వుకుంటూ వార్డు పైకి కదిలింది.

*

మూడు గంటలకి అతను తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూలు తిప్పుతున్నాడు. పని వేరేవాళ్ళకి అప్పగించలేదు. ఆమె మందుల ట్రేలో స్క్రూలు పట్టుకుని పక్కన నిలబడింది. ఇంజెక్షన్ అందించినట్టు ఒక్కొక్కటే అందిస్తోంది.

“సంతకం సంగతి నువ్వెందుకు చెప్పావు?” అన్నాడు తల ఎత్తకుండా.

“మీరెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏమొస్తుంది? నువ్వడిగావని ఇష్టంగా కట్టా.” స్క్రూ రెండు చుట్లు తిప్పాడు. “దుమ్ము రాలేదు కదా?”

“ఒక్క రేణువు కూడా రాలేదు.”

అతను తృప్తిగా తల ఊపాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఈ మనిషి మీద వారం రోజులు కోపం నిలబెట్టడానికి తను ఎంత కష్టపడిందో గుర్తొచ్చింది.

“మెడకి ఆ రుమాలేంటి?” అంది.

“నువ్వే కదా! సిమెంటు కలిపేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమన్నావట. ఊపిరితిత్తులు పాడవుతాయని బెంగ పెట్టుకున్నావట.”

“నేనా?”

“నాన్న చెప్పాడు. మొన్న.”

“మొన్న నేను చెప్పి పంపింది, మీ లారీలు అంబులెన్సు దారికి అడ్డం పెట్టొద్దని.”

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. “మరి నువ్వు కాఫీ...”

“కూర్చుని తాగమన్నారట.”

“పొద్దున నేనన్నది, కుట్రలు చెయ్యడానికి వంటిల్లే దొరికిందా అని.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ట్రేలో స్క్రూలు గలగలలాడాయి.

పదకొండో మంచం దగ్గర అత్తగారికి ఆలస్యంగానైనా అన్నం కలిపి పెడుతున్న మామగారు ఆ నవ్వు విని ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే కొడుకు, “నాన్నా, ఒకసారి ఇలా రా” అనేసరికి గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు, డెలివరీ కాని ఉత్తరం గురించి అధికారి పిలిచినట్టు.

“గడియ సంగతి ఎందుకు చెప్పలేదు మామయ్యా?” అంది ఆమె. కోపంగా కాదు.

“చెబుదామనే వెళ్ళానమ్మా. వాడు అప్పటికే కస్సుబుస్సుమంటున్నాడు. గడియ అంటే ఇంకా రెచ్చిపోతాడు. సాయంత్రం కాస్త చల్లబడ్డాక ఇద్దామని...” ఆయన తన ఎడమ పాదం వైపు చూసుకున్నాడు. “పైగా ఆ మేకు దిగింది నా కాల్లోనే కదా. నా మూలంగానే వేశాడు గడియ. నా కాలి సంగతి మళ్ళీ లేస్తుందని కూడా.”

“ముప్పై మూడేళ్ళలో ఒక్క ఉత్తరం ఆపలేదని చెప్తావు,” అన్నాడు కొడుకు.

“ఆపలేదురా. అవి అంటించి ఉండేవి. లోపలేముందో నాకు తెలిసేది కాదు. ఇవి విప్పి ఉన్నాయి.”

మంచం మీంచి అత్తగారు, “నాకు పొద్దున్నే తెలుసు” అంది. “మా పెళ్ళి కబురు కూడా మావాళ్ళకి ఈయనే తెచ్చాడట. ఇలాగే మంచి మాటలు కలిపి ఉంటాడు.”

అతను నవ్వుతూ ఇంకో స్క్రూ కోసం చెయ్యి చాచాడు. పట్టీ ఒక పక్క బిగిసింది, రెండో పక్క ఇంకా రెండు స్క్రూలు పట్టాలి. సగం చాచిన చెయ్యి అక్కడే ఆగింది.

“నాన్నా. నిన్న రాత్రి నేను చెప్పమన్నది చెప్పావా?”

మామగారు క్యారేజీ మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“ఏది?” అంది ఆమె. “వేళకి తినమన్నారని చెప్పారు.”

“దాని బదులే అమ్మా, అది,” అన్నాడు మామగారు, చాలా నెమ్మదిగా.

అతను లేచి నిలబడ్డాడు. “ఇవాళ్టినుంచి మీ పై అంతస్తులో, కొత్త బ్లాకుకి కలిపేచోట, వెల్డింగు. ఆ పొగకి ఊరికే గంట మోగకుండా ఈ వార్డు కప్పు మీద పొగ కనిపెట్టే డబ్బాలకి తొడుగులు వేయించాను. తెల్లారకముందే, నువ్వు డ్యూటీకి రాకముందే వేశారు. సాయంత్రం పని ఆపాక తీస్తాం. అంతదాకా ఒక మనిషిని పైకి చూస్తూ తిరగమని చెప్పి పంపా. మనిషిని పెట్టావా, లేదా?”

ఆమె తల పైకెత్తింది.

వరసగా ఆరు తెల్లటి డబ్బాలు. ఆరింటికీ ప్లాస్టిక్ తొడుగులు, దారం చుట్టి ముడి వేసి. మూడు నెలలుగా దుమ్ము పడకుండా వార్డులో ఏదో ఒకదాని మీద తొడుగు ఉంటూనే ఉంది. కళ్ళు అలవాటు పడిపోయాయి. పొద్దుట్నుంచి వాటి కిందే ఇరవైసార్లు నడిచింది.

“అమ్మాయ్,” అంది అత్తగారు మంచం మీంచి. ఇప్పుడు ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. “పొద్దున్న ఇనుము వాసనన్నానా? ఇప్పుడది కాదు. ఇప్పుడు చెక్క వాసన.”

ఆమె ట్రే కింద పెట్టింది. తలుపు పక్కనున్న పనివాళ్ళ మడత నిచ్చెన లాగి పదకొండో మంచం పక్కన వేసి ఎక్కింది. అతను వచ్చి నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు.

“నేను చూసొస్తా, పైకి,” అన్నాడు.

“ఆగండి. ఇద్దరం ఒకేసారి తెలుసుకుందాం.”

దారం ముడి గోళ్ళకి దొరకలేదు. పళ్ళతో కొరికి తెంపింది. తొడుగు ఊడి అత్తగారి దుప్పటి మీద పడింది.

ఒకటి, రెండు, మూడు అని ఆమె మనసులో లెక్కపెట్టింది.

ఏడు దగ్గర వార్డంతా గంట మోగింది. ఈసారి దాన్ని ఎవరూ నొక్కలేదు.

ఆమె నిచ్చెన దిగి రెండుసార్లు చప్పట్లు కొట్టింది.